ఉద్యా

బల్లార్షాలో నలభై ఏడు.
రోహిణి కార్తె అని మేమంటం,
నవతపా అంటది పక్కింటి శేవంతాబాయి.
పేరేదైతేంది, ఎండ
రెండు భాషల్లోనూ రోళ్లే పగలగొడతది.

నాది రాత్రి డ్యూటీ.
బొగ్గుగని కాటా మీద లారీలు తూచి తూచి
తెల్లారి ఏడింటికి ఇంటికొస్త.
ముక్కులో నల్లపొడి, కళ్ళల్లో హెడ్‌లైట్లు.
లోకం లేచినంక పడుకునేదాన్ని.
నాకు ఏసీ అంటే సోకు కాదు,
పగటిపూట కొనుక్కున్న రాత్రి.
పద్దెనిమిది కిస్తీల రాత్రి.

మంగళవారం మిట్టమధ్యాహ్నం
అది ఒక్కసారి దగ్గి ఆగింది.

ఇర్షాద్ వచ్చి బయటి డబ్బా విప్పిండు.
లోపల పచ్చటి బోర్డు మీద
నాలుగు కాళ్ళూ చాపి మాడిపోయిన బల్లి.
"నీడ కోసం వచ్చినట్టుంది పాపం" అన్నడు,
స్క్రూడ్రైవర్ కొసతో దాన్ని గీకుతూ.
బోర్డు నాగపూర్ నుంచి రావాలె.
ఎప్పుడు?
"ఉద్యా."

బుధవారం ఉద్యా. గురువారం ఉద్యా.
మరాఠీలో రేపు అన్న మాట
ఇంత సాగుతదని
ముప్పై ఏండ్లు ఈ ఊళ్ళో ఉండి కూడా తెల్వలేదు.

దుప్పటి తడిపి పరిచిన,
పావుగంటలో అప్పడం.
కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్ళు చల్లిన,
ఇల్లంతా తడిసిన జొన్నల వాసన.
గచ్చు మీద ఒరిగితే గచ్చు కాలింది.
మంచం కింద జొరబడితే కొంచెం నయం,
కానీ తమ్ముడు వంగి చూసి
"అక్కా, నువ్వూ పిల్లీ జాగా కోసం కొట్లాడుకోకండి" అని పోయిండు.
టేబుల్ ఫ్యాన్ ముందు గంజు నిండా ఐసు పెట్టిన.
అది కరిగినంత సేపే నిద్ర.

శుక్రవారం రాత్రి
ఒకే లారీని రెండుసార్లు తూచిన.
డ్రైవర్ నవ్విండు, "బొగ్గేమన్న పెరిగిందా మేడం?"
ఆ బొగ్గు థర్మల్‌కు పోయి
కరెంటై, తీగల మీద నడిచి మా ఇంటికే వస్తది.
నేను తూచిన నిప్పుతోనే
ఇన్నాళ్ళు చల్లబడుతున్ననా?
ఆ ఆలోచన కూడా ఎక్కువసేపు నిలవలేదు,
వెనక ఇరవై లారీలు హారన్ కొడుతున్నయి.

శనివారం పొద్దున శేవంతాబాయి
స్టీలు గ్లాసులో పన్హా తెచ్చింది,
అడుగున బెల్లం ఇంకా కరగలేదు.
కూర్చున్నది. మెడ తుడుచుకున్నది.
తన మరాఠీ కలిసిన తెలుగులో
ఏ ఎత్తిపొడుపూ లేకుండ అన్నది:
"నాలుగు దినాల సంది
మా వంటిల్లు జర మంచిగున్నదమ్మా.
భాకర్లు చేస్తుంటే కిటికీలకెళ్ళి కొట్టే గాడ్పు లేదు."

గ్లాసు నా పెదవి దగ్గరే ఉండిపోయింది.

నా చల్లదనానికి ఒక వీపు ఉన్నదని,
అది మూడేండ్లుగా ఆమె కిటికీకి ఆనుకొని
వగరుస్తున్నదని
నాకు తెలుసా, తెల్వదా?
డబ్బా ఎక్కడ బిగించాలో చూపించింది నేనే.
ఈ చేత్తోనే.
"అటు పెడితే మనకు చప్పుడు రాదు" అని.

ఆదివారం బోర్డు వచ్చింది.
ఇర్షాద్ బిగిస్తుంటే అడిగిన,
డబ్బాను మేడ మీదికి మారిస్తే ఎంతయితది?
చెవి మీది పెన్సిల్ తీసి
బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదనే రాసిండు:
రాగి పైపు నాలుగు మీటర్లు, స్టాండు, గ్యాసు, కూలి.
కింద గీత. ఆరు వేల రెండు వందలు.
"చేద్దామా?"

గోడ అవతల భాకరి తడుతున్న చప్పుడు.
గూట్లో ఇంకా తిరిగివ్వని స్టీలు గ్లాసు.
ఐదు దినాల నిద్ర
నా రెప్పలు పట్టుకొని వేలాడుతున్నది.

"ఉద్యా" అన్న.

రిమోట్ నొక్కిన.
గది మెల్లగా రాత్రయింది.
అవతల, ఆమె కిటికీ రెక్క
ఎవరినీ నొప్పించనంత నెమ్మదిగా
మూసుకున్నది.